1818 నాటి రాముడి నాణెం: కొంటానంటున్న ఆ పార్టీ ఎవరు?

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాయనమ్మ పోయాక ఆమె దేవుడి పెట్టెలో ఒక రాగి నాణెం దొరికింది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లిష్‌లో 'ఈస్ట్ ఇండియా కంపెనీ, యు.కె.ఎల్. వన్ అణా, 1818' అని ఉంది. మా మేనమామ వెంట వచ్చిన ఒకాయన దాన్ని చూసి, ఇందులో ఇరీడియం ఉంది, బియ్యాన్ని లాగుతుంది, విదేశీ కంపెనీ కోట్లు పెట్టి కొంటుంది అన్నాడు. రిజిస్ట్రేషన్ అంటే నాన్న ఇప్పటికే యూపీఐలో 15 వేలు పంపారు. ఇప్పుడు సైంటిస్టులు వచ్చి టెస్టింగ్ చేయడానికి రెండున్నర లక్షలు అడుగుతున్నారు. చెల్లి పెళ్లికి చేసిన అప్పు తీరిపోతుందని నాన్న ఆశ. పొలం తాకట్టు పెడదామనుకుంటున్నారు. ఇది మోసం అని నేనంటే, "బియ్యం లాగడం నా కళ్లతో చూశాను, నువ్వు చూశావా?" అంటున్నారు. నాణెం అసలుదేనా? నాన్నకు ఎలా చెప్పాలి? ఇచ్చిన డబ్బు తిరిగొస్తుందా? నా పేరు వేయకండి.

జవాబు: పొలం కాగితాల సంగతి ముందు చూడండి. అవి ఎక్కడున్నాయో అమ్మను అడిగి, మీరు ఊరెళ్లేదాకా ఇల్లు కదలకుండా చూడమనండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఇక నాణెం. చూడకుండానే చెప్పగలను, అది ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్లు ముద్రించిన నాణెం కాదు. దానిమీద 'వన్ అణా' అని ఉంది చూశారా, అదే దాన్ని పట్టిస్తోంది. మన దేశంలో విడిగా అణా నాణెం మొదటిసారి వచ్చింది 1907లో, ఎడ్వర్డ్ రాజు కాలంలో. అదీ రాగిది కాదు, నికెల్ కలిపిన తెల్లటి నాణెం, అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. అంతకుముందు అణా అన్నది లెక్కలో ఉండేది, చేతికిచ్చే బిళ్లగా ఉండేది కాదు. అర్ధణా రాగిలో, బేడ, అంటే రెండణాల బిళ్ల, వెండిలో ఉండేవి. పైగా 1818లో దేశమంతటికీ ఒకే కంపెనీ నాణెం లేనే లేదు. బెంగాల్, బొంబాయి, మద్రాసు ఎవరి టంకశాల వాళ్లదే. అన్నిచోట్లా ఒకే రకం నాణేలు 1835 చట్టంతో వచ్చాయి, వాటిలో వెండి రూపాయల మీద నాలుగో విలియం రాజు తల ఉంటుంది. మీ ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. వరహాలు, రూకలు, కాసుల లెక్క నడిచేది. మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కన పెట్టి వెండి రూపాయిని ప్రమాణంగా తీసుకున్నదే ఆ 1818లో. యు.కె.ఎల్. అన్న అక్షరాలు ఏ కంపెనీ నాణెం మీదా ఉండవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "ఇంగ్లిషువాళ్లు మన దేవుళ్లను నాణేలమీద ఎందుకు వేస్తారు, అందుకే ఇది నకిలీ" అని చాలామంది చెబుతుంటారు. మీరు మాత్రం ఆ వాదన ఎత్తకండి, అది తప్పు. కంపెనీ మద్రాసులో వేసిన బంగారు వరహాల్లో 'మూడు స్వాముల వరహా' అని ఒకటి ఉంది, దానిమీద మధ్యలో స్వామి, ఇరుపక్కలా ఇద్దరు దేవేరులు. 1807 తర్వాత వేసిన వెండి పావు వరహా మీద ఒకవైపు గుడి గోపురం, రెండోవైపు విష్ణువు. దానిమీద ఇంగ్లిష్, పారసీ అక్షరాలతో పాటు తమిళం, మన తెలుగు కూడా ఉన్నాయి. జనం చేతులు మారాలంటే జనానికి తెలిసిన బొమ్మ ఉండాలి కదా, వ్యాపారం వాళ్లది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు అక్బరు కూడా తన చివరి రోజుల్లో విల్లు పట్టుకున్న రాముడు, పక్కన సీత ఉన్న నాణేలు వేయించాడు, నాగరి లిపిలో 'రామ సీయ' అని రాయించి. కాబట్టి దేవుడి బొమ్మ మీద వాదన పెట్టుకుంటే, ఆ పార్టీ అసలైన మద్రాసు వరహా ఫొటో ఒకటి ఫోన్‌లో చూపించి నాన్న ముందే మిమ్మల్ని నోరెత్తనివ్వడు. అణా గురించే అడగండి, దానికి అతని దగ్గర ఫొటో ఉండదు.

మరి మీ ఇంట్లోకి అది ఎలా వచ్చింది? రాముడి పట్టాభిషేకం బొమ్మతో బిళ్లలు చేయడం మన దగ్గర చాలా పాత ఆచారం. రామటంకాలు అంటారు. బంగారంలో, వెండిలో, పేదవాళ్ల కోసం ఇత్తడిలో చేసేవాళ్లు. పూజలో పెట్టుకోవడానికే తప్ప బజారులో చెలామణీకి కాదు. భద్రాచలంలో రామమాడల కథ వింటూ పెరిగినవాళ్లం, రాముడి బొమ్మ ఉన్న నాణెం అంటే మనకు చేతులు వాటంతటవే కళ్లకు అద్దుకుంటాయి. తర్వాత తర్వాత ఆ బిళ్లలకే పాతదనం రావాలని కంపెనీ పేరు, పాత సంవత్సరం తగిలించి పోత పోయడం మొదలైంది. 1616, 1717, 1818 అని సులువుగా గుర్తుండే అంకెలు వేసినవి ఎన్నో తిరుగుతున్నాయి. మీ నాయనమ్మ దాన్ని ఏ గుడి దగ్గరో కొనుక్కుని పూజలో పెట్టుకుని ఉంటారు. ఆమెను ఎవరూ మోసం చేయలేదు. ఆమె కొన్నది రాముడి బిళ్ల, దొరికింది కూడా రాముడి బిళ్లే.

ఈ తేడా ముఖ్యం. పదహారో శతాబ్దంలో ఇటలీలోని పాదువా ఊళ్లో జొవాన్ని కవీనో అని ఒకడు పాత రోమన్ చక్రవర్తుల బిళ్లలను పోలినవి అచ్చం అలాగే చేసేవాడు. వాటి పనితనం ఎంత గొప్పదంటే, అనుకరణలని తెలిసే వాటిని ఇప్పటికీ సేకరిస్తారు, ఊరి పేరుమీదే 'పాదువా బిళ్లలు' అంటారు. వాటినే తీసుకెళ్లి రెండువేల ఏళ్ల నాటివని అమ్మినవాడు మాత్రం దొంగ. వస్తువు అదే. పక్కన చెప్పే కథ మారగానే అది మోసమైపోతుంది.

"కానీ దాని రంగు చూడండి, ఎంత పాతగా ఉందో" అని నాన్న అనొచ్చు. రంగు తేవడం పెద్ద విద్యేం కాదు. జర్మనీలో కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) అని ఒక మహానుభావుడు ఉండేవాడు, నాణేల నకిలీల్లో అతణ్ని మించినవాడు లేడంటారు. ముద్రలు తనే చెక్కుకునేవాడు. కొత్తగా కొట్టిన నాణేలు మరీ నిగనిగలాడుతుంటే ఎలా? ఇనుపరజను, జిడ్డు కలిపిన పెట్టెలో వాటిని వేసి, పెట్టెను తన గుర్రపుబండి కింద బిగించి, గతుకుల రోడ్డు మీద ఫ్రాంక్‌ఫర్ట్ దాకా తోలుకెళ్లి వచ్చేవాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి నాణేల అంచులు అరిగి, మెరుపు పోయి, శతాబ్దాలుగా చేతులు మారినట్టు తయారయ్యేవి. 'నా ముసలి పెద్దమనుషులను షికారుకు తీసుకెళ్లాను' అని సరదాగా రాసుకునేవాడట. రాజులూ పండితులూ కొన్నారు వాటిని. బెకర్ ముద్రలు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. మీ నాణెం చేసినవాళ్లకు అంత ఓపిక ఉండి ఉండదు లెండి. అంచు మీద ఆకురాయి గీతలు, అక్షరాల మధ్య సూదిబెజ్జాలు కనిపిస్తే అది పోత పోసిన బిళ్ల. ఆ కాలంలో కంపెనీ మద్రాసులో వేసిన నాణేలు యంత్రంతో కొట్టినవి, అక్షరం కోసినట్టు ఉంటుంది.

పోనీ, అది నిజంగా 1818 నాటిదే అనుకుందాం. అప్పుడైనా కోట్లు రావు. పాతది కాబట్టి ఖరీదు అనుకోవడం దగ్గరే అందరూ పడిపోతారు. మద్రాసు ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్‌లో ముద్రించిన 10 కాసుల, 20 కాసుల రాగి నాణేలను వేసుకుని 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ బయలుదేరి, 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకమేటల్లో మునిగిపోయింది. మనకు చేరాల్సిన చిల్లర అంతా సముద్రంలో నూటడెబ్బై ఏళ్లకు పైగా ఉండిపోయింది. 1980లలో బయటికి తీస్తే టన్నుల కొద్దీ దొరికింది. అన్నీ 1808 నాటివి, ఒక్క పిసరు అబద్ధం లేనివి, వెనక ఓడ మునిగిన కథ కూడా ఉంది. అయినా మామూలు జీతగాళ్లు కూడా సరదాకి కొనుక్కోగలిగే ధరకే అమ్ముడవుతాయి. లక్షల్లో తయారైన రాగిబిళ్లకు ఎంత వయసు వచ్చినా అంతే.

ఇక ఇరీడియం. అది నిజమైన లోహమే, సందేహం లేదు. స్పార్క్ ప్లగ్గుల్లో వాడతారు. ప్యారిస్ దగ్గర భద్రంగా ఉంచిన, 1889 నుంచి 2019 దాకా ప్రపంచానికి కిలో అంటే ఎంతో చెప్పిన దిమ్మెలో ప్లాటినంతో పాటు పదో వంతు ఇరీడియం ఉంది. కావలసిన కంపెనీలు దాన్ని బజారులో కొనుక్కుంటాయి. ఎక్కువగా దక్షిణాఫ్రికా ప్లాటినం గనుల నుంచి వస్తుంది, పల్లెల్లో దేవుడి పెట్టెల నుంచి కాదు. నాన్నతో ఒక లెక్క వేయించండి. నాణెం పది గ్రాములుందనుకుందాం, మొత్తం ఇరీడియమే అనుకుందాం. ఇటీవలి ధరల్లో దాని విలువ లక్షల్లోనే ఆగిపోతుంది, కోటి దరిదాపులకు పోదు. దాన్ని పరీక్షించడానికేమో రెండున్నర లక్షలు!

బియ్యం లాగడం నాన్న కళ్లతో చూశానంటున్నారు కదా. చూసే ఉంటారు, ఆయన అబద్ధమాడటం లేదు. కానీ ఆ బియ్యం ఎవరివి? బియ్యపు గింజ అయస్కాంతానికి అతుక్కోదు, రాగీ అతుక్కోదు. రెండూ ఒకదాన్నొకటి లాక్కోవాలంటే బియ్యంలో ఇనుము ఉండాలి, నాణెంలోనో నాణెం కిందో అయస్కాంతం ఉండాలి. గింజలకు ఇనుపపొడి పట్టించి తెస్తారు. ఇలాంటి కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ తరచూ పేపర్లో వస్తూనే ఉంటాయి, 'రైస్ పుల్లింగ్ ముఠా' అని. నాణెం కాకపోతే రాగి చెంబు, చెంబు కాకపోతే పిడుగు పడిన గిన్నె. మీ అమ్మ వంటింట్లోంచి తెచ్చిన సోనామసూరి గింజలు నాలుగు ఆ నాణెం పక్కన పెట్టమనండి, చాలు. ఇంకా కావాలంటే పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్లి, వాళ్లు తెచ్చిన బియ్యం దగ్గర పెట్టండి. గింజలు దానికీ ఎగిరి అతుక్కుంటే, మహిమ బియ్యంలోనే ఉందని నాన్నే చూస్తారు. "బయటి బియ్యం పనిచేయవు, కెమికల్ పట్టించాలి" అని వాళ్లంటే, అదీ ఒక జవాబే.

అసలు విషయానికి వస్తాను. మీరు నాణెం అసలుదా నకిలీదా అని అడిగారు. ఈ వ్యవహారంలో నాణెం పెద్ద లెక్కలోది కాదు. మామూలుగా నకిలీ నాణెం చేసేవాడు దాన్ని మీకు అమ్మి డబ్బు తీసుకుంటాడు. ఇక్కడ నాణెం మీది, కొనేవాడు అతను, డబ్బు మాత్రం మీరే ఇస్తున్నారు. అంటే ఇక్కడ నకిలీ చేసింది కొనుగోలుదారుణ్ని. విదేశీ కంపెనీ, సైంటిస్టు, ఒప్పందం కాగితం, లెటర్‌హెడ్, అన్నీ కలిపి ఒక మనిషిని తయారుచేశారు. ఢిల్లీ పోలీసులు 2018 మేలో ఒక తండ్రీకొడుకులను పట్టుకున్నారు. నాసాకు అమ్ముతామని చెప్పి రాగి పళ్లెం లాంటి వస్తువు పేరుతో ఒక వ్యాపారి దగ్గర 1.43 కోట్లు లాగారు. రేడియేషన్ తగలకుండా అంటూ వేసుకునే వెండిరంగు సూట్లు కూడా వాళ్ల దగ్గర దొరికాయి. ఆ సూటు చూస్తేనే సగం నమ్మకం వచ్చేస్తుంది మరి.

డబ్బు అడిగే తీరు ఎక్కడైనా ఒకటే. ముందు రిజిస్ట్రేషన్, చిన్న మొత్తం. తర్వాత టెస్టింగ్. టెస్టింగ్ రోజున వర్షం వస్తుంది, లేదా కెమికల్ సరిపోదు, లేదా సైంటిస్టుకు ఒంట్లో బాగుండదు. మళ్లీ తేదీ, మళ్లీ డబ్బు. పెట్టింది వృథా అవుతుందేమోనన్న భయంతో ఇంకాస్త పెడతారు. మధ్యలో "ఎవరికీ చెప్పొద్దు, గవర్నమెంటుకు తెలిస్తే లాక్కుంటారు" అన్న మాట తప్పకుండా వస్తుంది, మీ ఇంట్లో ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఆ మాటలో ఒక తమాషా ఉంది. నాణెం నిజంగా వందేళ్లు దాటిన పురావస్తువైతే, 1972 చట్టం ప్రకారం దాన్ని విదేశాలకు పంపడం నేరం, ప్రభుత్వ సంస్థ తప్ప ఎవరూ పంపకూడదు. కాబట్టి వాళ్లు చెప్పేది అబద్ధమైతే మోసం, నిజమైతే స్మగ్లింగ్. రెండింట్లోనూ మీ నాన్న ఉండకూడదు.

నాన్నకు ఎలా చెప్పాలన్నది కష్టమైన ప్రశ్న. "మోసపోయావు" అన్న మాట వాడకండి. చదువు లేక నమ్మారనీ అనుకోకండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషెల్ షాల్ అని ఫ్రాన్స్‌లో పేరుమోసిన గణితవేత్త, అక్కడి సైన్స్ అకాడమీ సభ్యుడు. వ్రాన్ లూకా అనే గుమాస్తా తనే రాసిన నకిలీ ఉత్తరాలను పాతవని చెప్పి ఆయనకు ఏళ్ల తరబడి అమ్మాడు. మొత్తం దాదాపు 27 వేల కాగితాలు, తీసుకున్నది లక్షా నలభై వేల ఫ్రాంకులు. వాటిలో క్లియోపాత్రా రాసినది ఉంది, మగ్దలేనా మరియ రాసినది ఉంది. అన్నీ ఫ్రెంచ్‌లో, కాగితం మీద! అంత లెక్కలు తెలిసిన మనిషికి అది ఎందుకు తట్టలేదు? గురుత్వాకర్షణను న్యూటన్ కన్నా ముందు తమ ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ కనిపెట్టాడని ఆ ఉత్తరాల్లో ఉంది. తన దేశానికి ఆ గౌరవం దక్కాలని ఆయనకు ఉంది. 1867 నుంచి రెండేళ్లు అకాడమీలో అందరితో వాదించాడు. 1870లో లూకాకు రెండేళ్ల జైలు పడింది.

మీ నాన్నకు కావలసింది పాస్కల్ కాదు, చెల్లి పెళ్లి అప్పు తీరడం. అందుకని నాణెం కన్నా ముందు అప్పు గురించి కూర్చుని మాట్లాడండి. ఎంత, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, మీరు నెలకు ఎంత పంపగలరు. ఇది ఫోన్‌లో అయ్యే పని కాదు, ఊరెళ్లండి. అప్పుకు వేరే దారి కనబడితే నాణెం మీద పట్టు సగం సడలుతుంది. ఆ తర్వాత ఆ పార్టీని ఒకే ఒక్క మాట అడగమనండి, మీరు కాదు, నాన్నే అడగాలి: "మా దగ్గర డబ్బు లేదు, టెస్టింగ్ ఖర్చు మీరే పెట్టుకోండి, కోట్లలోంచి దానికి రెండింతలు కోసుకుని మిగతాది ఇవ్వండి." కోట్లు వస్తాయని నిజంగా నమ్మినవాడు ఆ బేరం ఎందుకు వదులుకుంటాడు? స్పీకర్ ఆన్ చేసి పెట్టండి. కంపెనీ రూల్స్ ఒప్పుకోవని ఏదో చెబుతాడు. ఆ సమాధానం నాన్న చెవులతో వినాలి, మీరు వంద సార్లు చెప్పినా అంత పని చేయదు.

మేనమామ మీద మాత్రం విరుచుకుపడకండి. ఇలాంటి వాటిలో మధ్యవర్తులు చాలాసార్లు తమ డబ్బూ పోగొట్టుకుని, అది రాబట్టుకోవాలనే ఇంకొకరిని తీసుకొస్తారు. ఆయన ఎంత పెట్టారో ముందు విడిగా కనుక్కోండి. ఆయనా ఫిర్యాదులో మీతో కలిస్తే కేసుకు బలం.

కుదిరితే ఓసారి నాన్నను హైదరాబాద్ రమ్మనండి. సైఫాబాద్ పాత టంకశాలలో 2022 నుంచి నాణేల మ్యూజియం ఉంది, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కూడా పాత నాణేలు చాలా ఉన్నాయి. అసలు నాణేలు ఎలా ఉంటాయో తీరిగ్గా చూస్తారు. అక్కడ మీరేమీ వాదించక్కర్లేదు.

రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి కాగితాలు ఏమైనా చూపించారా? చూపిస్తే అదీ దొంగదే. పాత నాణేలు, నోట్ల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, కమీషన్లు, చార్జీలు ఎవరినీ అడగమని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

టెస్టింగ్ అంటూ ఏ లాడ్జికో, ఊరి బయట గెస్ట్‌హౌస్‌కో నగదుతో రమ్మంటే ఎవరూ వెళ్లొద్దు. అక్కడ జరిగేది టెస్టింగే అన్న గ్యారంటీ లేదు.

ఇచ్చిన 15 వేలు వస్తాయని మాట ఇవ్వలేను. యూపీఐలో పంపారు కాబట్టి ఏ ఖాతాకు వెళ్లిందో మాత్రం తెలుస్తుంది, అదే మీకున్న ఆధారం. ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు ఆ ఖాతాలో ఇంకా ఉంటే ఆపే వీలుంటుంది, ఆలస్యమైన కొద్దీ అది తగ్గుతుంది. లావాదేవీ నంబరు, వాట్సాప్ మెసేజీలు, కాల్ రికార్డులు, వాళ్లిచ్చిన కాగితాల ఫొటోలు అన్నీ దాచండి. నాన్న ఫోన్లో చాట్ తీసేయకుండా చూడండి, పరువు పోతుందని చాలామంది ముందు చేసే పని అదే. తర్వాత మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మనందరి నోట్లో నానిన 420 సెక్షన్ ఇప్పుడు లేదు, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది.

నాణేన్ని మాత్రం పరీక్షకని ఆ పార్టీ చేతికి ఇవ్వకండి. ఇస్తే రేపు "మీరిచ్చింది మార్చేశారు" అని ఎదురు గొడవ మొదలుపెడతాడు. మెరవాలని చింతపండు పెట్టి తోమకండి కూడా. ముందు రెండువైపులా ఫొటోలు తీసుకోండి, పోలీసులు అడిగితే చూపించండి, తర్వాత నాయనమ్మ పెట్టెలోనే ఉంచండి.